టీసీ అడిగే ముందు చూసుకోవాల్సిన లెక్కలు

డిగ్రీ మధ్యలో ఆపేసి పనికి పోదామనుకునే పిల్లలు అందరికన్నా ముందు వచ్చేది టీసీ రాసే మా దగ్గరికే. నేను నల్గొండ జిల్లాలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. అడ్మిషన్లు, స్కాలర్‌షిప్ ఫైళ్లు, ఎగ్జామ్ ఫీజులు, టీసీలు నా సీటు పనులు. పాఠాలు చెప్పేదాన్ని కాను కాబట్టి చదువు గొప్పతనం మీద ఉపన్యాసం నా దగ్గర దొరకదు. టీసీ అడిగినవాళ్లను ఎందుకని అడుగుతాను. అట్లా అడిగీ అడిగీ తెలిసిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను. బీకాం, బీఎస్సీ, బీఏ పిల్లల్ని మనసులో పెట్టుకుని రాస్తున్నా. బీటెక్ వాళ్లకు తేడా ఉన్నచోట విడిగా చెప్తాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మానేయాలా వద్దా అని నెలల తరబడి నలిగిపోతారు గానీ, ఏ తేదీన మానేస్తున్నాం, ఏ కాగితాలు చేతిలో పెట్టుకుని బయటికి పోతున్నాం అన్నది ఎవరూ చూసుకోరు. పోయి, తర్వాత మళ్లీ మా కిటికీ దగ్గరికి వచ్చి బాధపడిన పిల్లల్లో ఎక్కువ మంది బాధ పోయినందుకు కాదు. ఇంకో నెల ఆగితే సెమిస్టర్ పూర్తయ్యేది, ఆగకుండా పోయామని.

జాబొచ్చింది మేడం

కిటికీ దగ్గర అందరూ చెప్పే మాట ఇదే. ఏ కంపెనీ, ఎంత జీతం, ఎప్పుడు చేరాలి అని అడిగేసరికి చాలామందికి నోట మాట రాదు. మామ పనిచేసే షాపులో చూస్తానన్నాడనో, హైదరాబాద్‌లో ఫ్రెండ్ రమ్మన్నాడనో అంటారు. ఇంకాస్త మాట్లాడితే అసలు సంగతి బయటపడుతుంది. హాజరు సగం కూడా లేదు, హాల్‌టికెట్ రాదని తెలిసిపోయింది, ఇంట్లో చెప్పే ధైర్యం లేదు. లేదంటే ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇక్కడ అకౌంట్స్ మొత్తం ఇంగ్లిష్‌లో, క్లాసులో కూర్చుంటే ఒక్క ముక్క ఎక్కదు. లేదంటే ఫస్టియర్‌లో నాలుగు సబ్జెక్టులు పోయాయి, ఇక నా వల్ల కాదని తేల్చేసుకున్నారు.

అందుకని మొదట మీకు మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ ఉద్యోగం మాట అసలు రాకపోయినా కాలేజీ మానేద్దామనే అనుకునేవాళ్లా? అవునంటే మీ ఇబ్బంది కాలేజీలో ఉంది. ఉద్యోగం దాని నుంచి తప్పించుకోవడానికి దొరికిన సాకు. ఆ ఇబ్బందికి మందు ఉందేమో ముందు చూడండి. చాలావాటికి ఉంటుంది, పిల్లలకు తెలియదు, మేమూ పిలిచి చెప్పం.

హాజరు 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్యలో ఉంటే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, హాజరు తగ్గినా మన్నించమని కట్టే కండోనేషన్ ఫీజు కట్టి పరీక్ష రాయొచ్చు. 65 కన్నా తగ్గితే డిటెయిన్ చేస్తారు, వచ్చే ఏడాది మళ్లీ అదే సెమిస్టర్‌లో కూర్చోవాలి. డిటెయిన్ అయితే పేరు కొట్టేసినట్టు కాదు. అప్పటిదాకా పాసైన సబ్జెక్టులు ఎక్కడికీ పోవు. ఈ సంగతి తెలియక, డిటెయిన్ లిస్టులో పేరు చూసిన మర్నాడే టీసీకి దరఖాస్తు పట్టుకొచ్చే పిల్లలు ఏటా ఉంటారు.

బ్యాక్‌లాగ్‌లు ఉన్నా తర్వాతి సెమిస్టర్ చదువుకుంటూ రాసుకోవచ్చు. పై ఏడాదికి పంపడానికి ఇన్ని క్రెడిట్లు, అంటే పాసైన సబ్జెక్టులకు ఇచ్చే పాయింట్లు, రావాలని లెక్క ఒకటి ఉంటుంది, అది మీ బ్యాచ్ రెగ్యులేషన్‌లో, అంటే యూనివర్సిటీ నియమాల్లో, రాసి ఉంటుంది. సీనియర్ చెప్పాడని నమ్మొద్దు, ఆయన బ్యాచ్ రెగ్యులేషన్ వేరై ఉండొచ్చు. మీడియం ఇబ్బందికైతే తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకాలున్నాయి. 1968 నుంచి ఆ సంస్థ చేస్తున్న పనే అది. అందులో చదివి అర్థం చేసుకుని, ఇంగ్లిష్ నోట్స్ చూసుకుని పరీక్ష రాసి గట్టెక్కిన పిల్లలు మా కాలేజీలోనే ఉన్నారు.

ఉద్యోగం రాకపోతే చదువుకునేవాణ్నే అనేవాళ్లకు, ఇంట్లో గడవక పోక తప్పని వాళ్లకు కింది లెక్కలు.

నెలకు ఇరవై వేలంటే

ముందు ఆఫర్ లెటర్ అడగండి. వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్ ఆఫర్ లెటర్ కాదు. కంపెనీ పేరు, హోదా, చేరే తేదీ, జీతం వివరాలు ఉన్న కాగితమో, కంపెనీ మెయిల్ నుంచి వచ్చిన పీడీఎఫో ఉండాలి. చేరడానికి డబ్బు కట్టమంటే, దాన్ని ట్రైనింగ్ ఫీజు అన్నా, డిపాజిట్ అన్నా, ల్యాప్‌టాప్ ఛార్జీ అన్నా, అది ఉద్యోగం కాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర పెట్టుకుంటాం అన్నా అంతే. చూపించి తెచ్చుకోండి, వదిలి రాకండి.

తర్వాత జీతం. పిల్లలు "రెండు లక్షల నలభై వేల ప్యాకేజీ" అంటారు. నెలకు ఇరవై వేలని ఇంట్లో చెప్పేసి ఉంటారు. నేను కాగితం తీసుకుని వాళ్ల ముందే లెక్క వేస్తాను. ప్యాకేజీ అంటే మీ కోసం కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. అందులో కంపెనీ మీ పేరున కట్టే పీఎఫ్ (భవిష్యనిధి), ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కూడా కలిపే ఉంటాయి. బేసిక్ పదివేలనుకుందాం. కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం, 1,200. కంపెనీ వాటా ఈఎస్ఐ 3.25 శాతం, దాదాపు 590. ఇవి పోతే మీ గ్రాస్ 18,200. అందులోంచి మళ్లీ మీ వాటా పీఎఫ్ 1,200, మీ వాటా ఈఎస్ఐ 0.75 శాతం అంటే 137, ప్రొఫెషనల్ ట్యాక్స్ 150. చేతికి వచ్చేది 16,700. గ్రాట్యుటీ కూడా ప్యాకేజీలో కలిపితే ఇంకాస్త తగ్గుతుంది.

హైదరాబాద్‌లో ఈ పదహారు వేల ఏడు వందలతో బతకాలి. అమీర్‌పేట, కేపీహెచ్‌బీ వైపు షేరింగ్ హాస్టల్లో తిండితో కలిపి ఆరేడు వేలు. బస్సు పాసు, అది దొరకని వేళల్లో షేర్ ఆటో, కలిపి రెండు వేలు. ఫోను, బట్టలు, సబ్బులు, ఆదివారం బయట తిండి, పండక్కి ఊరికి వచ్చిపోయే ఛార్జీలు అన్నీ కలిపి మూడు వేలు. మిగిలేది నాలుగైదు వేలు. ఇంటికి నెలకు పది పంపిస్తానని నాన్నకు మాటిచ్చి వచ్చిన పిల్లవాడు ఇక్కడే గతుక్కుమంటాడు. ఊళ్లో ఇంటి నుంచి పోయొచ్చే పన్నెండు వేల ఉద్యోగం ఒక్కోసారి ఇంతకన్నా నయం. పోల్చాల్సింది మిగిలే డబ్బుల్ని.

ఒకటి మాత్రం చిన్నచూపు చూడొద్దు, ఈఎస్ఐ. జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది, మీ మీద ఆధారపడ్డ అమ్మానాన్నలకు కూడా వైద్యం దొరుకుతుంది. నాన్నకు షుగరో, కిడ్నీ సమస్యో ఉండి నెలనెలా మందులకే డబ్బులు పోతున్న ఇంట్లో, పీఎఫ్ ఈఎస్ఐ ఉన్న పదిహేను వేల ఉద్యోగం అవేవీ లేకుండా చేతికిచ్చే పద్దెనిమిది వేల కన్నా ఎక్కువ విలువైనది. ఆపరేషన్లకు ఆరోగ్యశ్రీ ఉంది గానీ, రోజూ వేసుకునే బీపీ మాత్రకు అది పనికిరాదు.

ఒకే బస్సు, రెండు గేటు పాసులు

మా వైపు పిల్లలు ఎక్కువగా పోయేది చౌటుప్పల్ చుట్టుపక్కల ఫార్మా, కెమికల్ కంపెనీలకు. అక్కడి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే డిగ్రీ పూర్తయితే ఏం తేడా వస్తుందన్నది ఇంత స్పష్టంగా ఇంకెక్కడా కనపడదు.

కెమిస్ట్రీ ఉన్న బీఎస్సీ పాసైనవాణ్ని క్వాలిటీ కంట్రోల్‌లోనో ప్రొడక్షన్‌లోనో ట్రైనీ కెమిస్ట్‌గా తీసుకుంటారు. అదే బీఎస్సీ సెకండియర్‌లో ఆపేసినవాడు వాళ్ల లెక్కలో ఇంటర్ పాసే. హెల్పర్‌గా పోతాడు, అదీ చాలాసార్లు కంపెనీ రోల్ మీద, అంటే కంపెనీ సొంత ఉద్యోగిగా కాదు, కాంట్రాక్టర్ రోల్ మీద. ఇద్దరూ ఒకే బస్సులో పోతారు, ఒకే సి షిఫ్టు (రాత్రి షిఫ్టు) చేస్తారు, ఒకే క్యాంటీన్లో తింటారు. మొదటి నెల జీతంలో తేడా పెద్దగా ఉండదు. "ఆ మాత్రం దానికి ఇంకో ఏడాది చదవాల్నా మేడం" అని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. తేడా తర్వాత వస్తుంది. ట్రైనీ కెమిస్ట్ రెండేళ్ల అనుభవంతో ఇంకో కంపెనీకి మారి జీతం పెంచుకుంటాడు. హెల్పర్ అనుభవం పక్క కంపెనీ గేటు దగ్గర లెక్కకు రాదు. కాంట్రాక్టర్ మారితే కొత్తగా చేరినట్టే.

కాబట్టి మీకు వచ్చిన ఉద్యోగం గురించి ఈ రెండు కనుక్కోండి. కంపెనీ రోలా, కాంట్రాక్టర్ రోలా? అదే పనిని డిగ్రీ పాసైనవాడు చేస్తుంటే వాడి హోదా ఏంటి? రెండోది అక్కడ పనిచేసే మనూరి మనిషినెవరినైనా అడిగితే చెప్తాడు. హెచ్ఆర్ చెప్పడు.

డిగ్రీతో నిమిత్తం లేని పనులు కూడా చాలా ఉన్నాయి. ఏసీ మెకానిక్, సెల్‌ఫోన్ రిపేరు, జేసీబీ ఆపరేటర్, ఫొటోగ్రఫీ, సొంత దుకాణం. వీటిలో నాలుగేళ్లు చేతులు అరగదీసినవాడు బీకాం పాసైన క్లాస్‌మేట్ కన్నా బాగా సంపాదిస్తున్నాడు, నేనే చూస్తున్నాను. అట్లాంటి పని నిజంగా చేతికి వస్తుంటే, నేర్పే మనిషి దొరికి ఉంటే, బీఏ క్లాసులో వెనక బెంచీ మీద నిద్రపోవడంకన్నా అదే మేలని నేను అనుకుంటాను. మా ప్రిన్సిపాల్ ఒప్పుకోరు.

సర్కారు కొలువుల మీద ఆశ ఉన్నవాళ్లకు లెక్క వేరు. గ్రూప్-1, గ్రూప్-2, ఎస్ఐ, బ్యాంకు క్లర్కు, బ్యాంకు పీఓ, ఎస్ఎస్‌సీ సీజీఎల్ అన్నింటికీ డిగ్రీ కావాలి. కానిస్టేబుల్‌కు, ఎస్ఎస్‌సీ సీహెచ్‌ఎస్‌ఎల్‌కు ఇంటర్ చాలు. గ్రామీణ డాక్ సేవక్‌కు టెన్త్ మార్కులే చూస్తారు. రైల్వే ఎన్టీపీసీలో కొన్ని పోస్టులు డిగ్రీకి, కొన్ని ఇంటర్‌కు. వీటిలో డిగ్రీ ఏదన్నది చాలావరకు పట్టింపు లేదు, రెగ్యులరా ఓపెనా అన్నది కూడా. గుర్తింపు ఉన్న యూనివర్సిటీది అయితే చాలు.

క్యాలెండర్ ముందు పెట్టుకోండి

ఇక తేదీ సంగతి. నా ఉద్దేశంలో ఇదే అన్నింటికన్నా ముఖ్యం.

హాజరు పూర్తయి, ఎగ్జామ్ ఫీజు కట్టిన సెమిస్టర్ మీది. ఆ పరీక్షల్లో కొన్ని పోయినా తర్వాత బ్యాక్‌లాగ్‌గా కట్టుకుని రాసుకోవచ్చు, ఉద్యోగం చేసుకుంటూ కూడా. హాజరు మధ్యలో ఆపేసిన సెమిస్టర్ మాత్రం మొత్తం పోయినట్టే, మూడు నెలలు కూర్చున్నా ఒక్క క్రెడిట్ రాదు. అందుకే నవంబరులోనో ఏప్రిల్లోనో ఎవరైనా వచ్చి వచ్చే సోమవారం చేరాలి మేడం అంటే, కంపెనీకి ఒక్క మెయిల్ పెట్టి చూడమంటాను. "నాకు ఫలానా తేదీ దాకా సెమిస్టర్ పరీక్షలు ఉన్నాయి, మర్నాడే చేరతాను." మంచి కంపెనీలు సాధారణంగా ఒప్పుకుంటాయి. మూడు వారాలు ఆగలేని ఉద్యోగం ఎట్లాంటిదో మీరే ఆలోచించుకోండి.

ఫైనలియర్‌లో ఉన్నవాళ్లతో నేను వాదనకే దిగుతాను. ఐదో సెమిస్టర్ అయిపోయాక మానేయడానికి ఒక్క కారణం కూడా నాకు సరైనదిగా కనపడలేదు, ఇంట్లో చావుబతుకుల సమస్య తప్ప. అప్పుడు కూడా టీసీ వద్దు, లెక్చరర్‌తో, ప్రిన్సిపాల్‌తో మాట్లాడండి. కాలేజీలు అట్లాంటి పిల్లల హాజరు ఎట్లా సర్దుతాయో నేను రాయను, నా ఉద్యోగం నాకు కావాలి.

ఫస్ట్ సెమిస్టర్ మొదటి నెలల్లోనే వద్దనిపిస్తే అదొక రకం. అప్పుడు పోగొట్టుకునేది తక్కువ. అడ్మిషన్ల చివరి తేదీ దాటి 30 రోజుల్లోపు వదులుకుంటే ఫీజులో కొంత వెనక్కి ఇవ్వాలని 2018లో యూజీసీ ఉత్తర్వు ఇచ్చింది. చివరి తేదీకి 15 రోజుల ముందైతే దాదాపు మొత్తం, చివరి తేదీ దాటిన 15 రోజుల్లోపు 80 శాతం, 30 రోజుల్లోపు సగం. ముప్పై దాటితే ఏమీ రాదు. దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, మీ కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. నోటితో చెప్పి పోతే ఏ తేదీన చెప్పారన్నది మాకు గుర్తుండదు. గుర్తున్నా ఒప్పుకోం.

ఇంకో మాట. టీసీ, కాలేజీకి రాకపోవడం రెండూ ఒకటి కావు. రావడం ఆపేస్తే డిటెయిన్ అవుతారు, పేరు రిజిస్టర్‌లో ఉంటుంది, ఏడాదికి తిరిగొచ్చి రీ-అడ్మిషన్ అడగొచ్చు. "డిస్‌కంటిన్యూడ్" అని రాసి టీసీ ఇచ్చేస్తే అడ్మిషన్ రద్దు. మళ్లీ రావాలంటే యూనివర్సిటీ అనుమతి దాకా పోవాలి. ఉద్యోగంలో చేరడానికి టీసీ అడిగే కంపెనీలు అరుదు, టెన్త్, ఇంటర్ మెమోలు సరిపోతాయి. కొత్త ఉద్యోగం ఎట్లా ఉంటుందో మూణ్నెల్లు చూసి అప్పుడు టీసీ తీసుకున్నా నష్టం ఏమీ లేదు. ఎటూ తేల్చుకోలేని వాళ్లకు నేను చెప్పేది ఇదే.

బాకీ సంగతి

ఇది చెప్పడానికి నాకే ఇబ్బందిగా ఉంటుంది. తెలంగాణలో ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు కాలేజీలకు ఏళ్ల తరబడి పడుతున్నాయి. పిల్లవాడు చదువుతున్నన్నాళ్లు ప్రభుత్వం ఇస్తుందిలే అని ఊరుకున్న యాజమాన్యాలు, మధ్యలో పోతానంటే ఆ బకాయి అతన్నే కట్టమంటాయి. కొన్నిచోట్ల మిగిలిన సంవత్సరాల ఫీజు కూడా అడుగుతారు. అందుకని ఉద్యోగంలో చేరే తేదీ ఖాయం చేసుకునే ముందే ఆఫీసుకు వచ్చి, నా పేరున ఎంత బాకీ ఉంది, ఏ సంవత్సరానిది అని రాసి ఇవ్వమనండి. నోటిమాట అంకె వారానికోరకంగా మారుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి తిరిగిచ్చేయాలే తప్ప కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ చెప్పింది. ఆ మాట మర్యాదగా గుర్తుచేయండి. కొట్లాటకు దిగితే ఫైలు కింద ఫైలు పడుతుంది, ఆఫీసుల పద్ధతి అది.

స్కాలర్‌షిప్ విషయంలో పిల్లలు చేసుకునే ఊహ ఒకటుంది. ఇప్పుడు బీకాం మానేసి, రెండేళ్ల తర్వాత బీఎస్సీ ఫస్టియర్‌లో చేరితే మళ్లీ మొదటి నుంచి రీయింబర్స్‌మెంట్ వస్తుందని. దాని మీద ఆశ పెట్టుకోవద్దు, ఒకసారి వాడుకున్న స్థాయికి మళ్లీ ఇవ్వరు. డిటెయిన్ అయి అదే సంవత్సరం రెండోసారి చదివినా అంతే, ఆ ఏడాది ఫీజు మీ చేతి నుంచే. తిరిగొద్దామనుకునేవాళ్లు ఉద్యోగం చేసే రోజుల్లోనే ఆ డబ్బు పక్కన పెట్టుకోవాలి.

విద్యారుణం తీసుకున్న బీటెక్ పిల్లలు బ్యాంకుకు చెప్పకుండా మానేయొద్దు. కోర్సు కాలం, ఆ తర్వాత ఏడాది దాకా వాయిదాలు కట్టక్కర్లేదన్న ఒప్పందం మీరు చదువుతున్నారన్న లెక్క మీద ఉంది. మానేస్తే ఆ లెక్క మారుతుంది. కలిసి మాట్లాడి కొత్త వాయిదాలు రాయించుకోండి.

మధ్య దారులు

మానేయడానికీ, ఉండిపోవడానికీ మధ్యలో ఉన్న దారి మా జిల్లాలో చాలామందికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1982లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీగా మొదలైంది, దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. ఇంటర్ పాసైతే డిగ్రీలో చేరొచ్చు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో స్టడీ సెంటర్లుంటాయి, క్లాసులు ఆదివారాలు. తెలుగులో పుస్తకాలు వాళ్లే ఇస్తారు. ఇగ్నో కూడా ఉంది, మూడేళ్ల డిగ్రీని ఆరేళ్ల దాకా లాగొచ్చు. ఇక్కడ పాసైన సెమిస్టర్లు అక్కడ లెక్కలోకి తీసుకుంటారా అన్నది చేరే ముందే, మెమోలు చూపించి, స్టడీ సెంటర్‌లో అడగండి. క్రెడిట్లన్నీ ఇప్పుడు వాటిని దాచిపెట్టే ఆన్‌లైన్ ఖాతా అయిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో పడాలి, ఏడేళ్లు చెల్లుతాయి. మీవి పడ్డాయో లేదో డిజిలాకర్‌లో చూసుకోండి. పడకపోతే మా ఎగ్జామ్ బ్రాంచ్ మీద పడి చేయించుకోండి.

ఓపెన్ డిగ్రీలో చిక్కు ఒక్కటే. ఎవరూ రమ్మని పిలవరు, హాజరు తీయరు. షిఫ్టులు చేసేవాడు ఆదివారం పడుకుంటాడు. చేరినవాళ్లు చాలామంది, పూర్తి చేసినవాళ్లు కొందరు. పూర్తి చేసినవాళ్లను నేను గమనించింది, వాళ్లు ఒంటరిగా చేరలేదు. అదే హాస్టల్లోనో అదే కంపెనీలోనో ఇంకొకరితో కలిసి చేరారు, ఫీజు గడువు ఒకరికొకరు గుర్తు చేసుకున్నారు.

బీటెక్ వాళ్లకు ఈ దారి లేదు. దూరవిద్యలో ఇంజినీరింగ్ డిగ్రీలు చెల్లవని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్లకు ఉన్న వెసులుబాటు కాలం. జేఎన్టీయూహెచ్‌లో నాలుగేళ్ల కోర్సు పూర్తి చేయడానికి ఎనిమిదేళ్లు ఇస్తారు, బ్యాక్‌లాగ్‌లు ఉద్యోగం చేస్తూ రాసుకోవచ్చు. ఆర్22 రెగ్యులేషన్‌లో రెండేళ్లకు డిప్లొమాతో బయటికి వచ్చే వీలూ పెట్టారు. జాతీయ విద్యావిధానం 2020 కూడా ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా అంటుంది. మా వైపు కంపెనీల్లో ఆ సర్టిఫికెట్ చూసి ఎవరికైనా ఉద్యోగం ఇచ్చినట్టు నేనైతే వినలేదు. ఏమీ లేకుండా పోవడంకన్నా అదైనా తీసుకోండి, అంతవరకే.

ఇంటర్ అయిపోయి ఇంకా డిగ్రీలో చేరని తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంట్లో ఉంటే, హెచ్‌సీఎల్ టెక్‌బీ లాంటివి చూడమనండి. ఇంటర్ పాసైనవాళ్లను తీసుకుని, శిక్షణ ఇచ్చి, ఉద్యోగంలో పెట్టుకుని పక్కన డిగ్రీ చదివిస్తారు. ఇంటర్ పాసైన ఏడాది మీద షరతు ఉంటుంది కాబట్టి ఆలస్యం చేస్తే కుదరదు. ఆంధ్రలో డిగ్రీ చదివే పిల్లలకైతే 2020-21 నుంచి కోర్సులోనే పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. మానేయడానికి ముందు ఆ ఇంటర్న్‌షిప్‌ను మీకు ఆశ ఉన్న పనిలోనే వేయించుకుని చూడండి. చేరినట్టూ ఉంటుంది, చదువు ఆగదు.

ఇంట్లో మాట్లాడటం

అబ్బాయిలు ఇంట్లో చెప్పకుండా మానేస్తారు. అమ్మాయిలకు ఇంట్లోవాళ్లే మాన్పిస్తారు. ఉద్యోగానికి పంపిస్తామని టీసీ తీసుకుపోయిన అమ్మాయికి ఆ మాఘమాసంలోనే పెళ్లయిందని వినడం మాకు కొత్త కాదు. అందుకే అమ్మాయిలు టీసీ కోసం వస్తే నేను తండ్రిని బయట కూర్చోమని, లోపల అమ్మాయిని విడిగా అడుగుతాను, నీకు ఇష్టమేనా బిడ్డా అని. ఇష్టం లేదంటే నా చేతిలో ఉన్న ఉపాయం ఒకటే, ఆలస్యం. బాకీ లేదన్న నో డ్యూస్ కాగితం మీద సంతకం కావాలనీ, లైబ్రరీ పుస్తకం రాలేదనీ, సార్ లీవులో ఉన్నాడనీ. పరీక్షలు అయ్యేదాకా లాగితే ఒక్క సెమిస్టరైనా చేతిలో పడుతుంది. అమ్మాయిలూ, మీ కాలేజీ ఆఫీసులో ఇట్లాంటి మనిషి ఒకరు ఉంటారు. ముందే వెళ్లి చెప్పుకోండి.

అబ్బాయిలకు చెప్పేది, నాన్న దగ్గరికి "మానేస్తా" అని పోకండి. కాగితం పట్టుకుని పోండి. అందులో ఆఫర్ లెటర్ ఉండాలి, చేతికి ఎంత వస్తుంది, ఖర్చులు పోను ఎంత మిగులుతుంది, కాలేజీకి బాకీ ఎంత, ఏ సెమిస్టర్ దాకా పూర్తయింది, మిగిలింది ఎక్కడ ఎట్లా పూర్తి చేస్తాను అన్నవి ఉండాలి. పత్తి అమ్మి ఫీజు కట్టిన మనిషికి లెక్క అర్థమవుతుంది. "నాకు ఇంట్రెస్ట్ లేదు" అన్న మాట అర్థం కాదు, కోపమొస్తుంది.

అప్పు వల్ల పోక తప్పని ఇళ్లలో ఆ అప్పు ఎంత, వడ్డీ ఎంత, మీ జీతంలో మిగిలేదానితో ఎన్ని నెలల్లో తీరుతుందో కూడా వేసి చూడండి. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన రెండు లక్షలకు నెలకు వడ్డీయే ఆరు వేలు. మీకు మిగిలే నాలుగైదు వేలు ఆ వడ్డీకే చాలవు, అసలు కదలదు. అట్లాంటప్పుడు పిల్లవాడి చదువు మాన్పించినా అప్పు తీరదు. డ్వాక్రా సంఘంలోనో బ్యాంకులోనో తక్కువ వడ్డీకి మార్చుకోవడం ముందు చేయాల్సిన పని.

పోతున్నారా, అయితే ఇవి పట్టుకుపోండి

అన్ని సెమిస్టర్ల మార్కుల మెమోలు. బోనఫైడ్, స్టడీ అండ్ కాండక్ట్ సర్టిఫికెట్లు, ఇవి చదివిన కాలానికి రుజువు. బాకీ లేదన్న నో డ్యూస్ కాపీ. ఆధార్‌లో పేరు, టెన్త్ మెమోలో పేరు, బ్యాంకు ఖాతాలో పేరు ఒకే స్పెల్లింగ్‌లో ఉన్నాయో చూసుకోండి, పీఎఫ్ దగ్గర ఏడిపించేది అదే. మొదటి ఉద్యోగంలో వచ్చే యూఏఎన్ (పీఎఫ్ ఖాతా) నంబరు రాసి పెట్టుకోండి. కంపెనీ మారినా అదే ఇవ్వాలి, కొత్తది తీయించుకోకూడదు.

బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాళ్లు ఎగ్జామ్ ఫీజు నోటిఫికేషన్ కోసం క్లాస్ వాట్సాప్ గ్రూపులోంచి మాత్రం బయటికి రాకండి. గ్రూపు వదిలేసి, గడువు దాటాక ఫోన్ చేసి మేడం ఏమన్నా చేయండి అంటే లేట్ ఫీజు చెప్పడం తప్ప నేను చేయగలిగింది ఉండదు.

ఒరిజినల్స్ ఇంట్లో పెట్టి, స్కాన్ కాపీలు ఫోన్లో పెట్టుకోండి. మెమోలకు లామినేషన్ మాత్రం చేయించకండి. రేపు గల్ఫ్‌కు పోవాల్సి వస్తే అటెస్టేషన్ ముద్ర ఆ కాగితం మీదే వేయాలి, లామినేట్ చేసినదాని మీద వేయరు.